మీ సోలో అయిపోయాక ఏం వాయిస్తున్నారు?

ప్రశ్న: నేను న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పుడు విజయవాడలో వయొలిన్ నేర్చుకున్నాను, ఇక్కడికి వచ్చాక గిటార్ పట్టుకున్నాను. ఏడాదిన్నరగా ఐదుగురం కలిసి జాజ్ వాయిస్తున్నాం: టేనర్ సాక్సోఫోన్, కీబోర్డ్, గిటార్, బేస్, డ్రమ్స్. ప్రతి ఆదివారం డ్రమ్మర్ ఇంటి బేస్‌మెంట్‌లో కలుస్తాం. పన్నెండు స్టాండర్డ్స్ (జాజ్‌లో అందరూ వాయించే పాత పాటలు) వచ్చు. ఇంటి దగ్గర ఎవరికి వాళ్ళం బాగానే సాధన చేస్తున్నాం, ఒక్కొక్కరం మెరుగయ్యాం కూడా. కలిసి వాయిస్తే మాత్రం ఆరు నెలల కిందట ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. నేనూ కీబోర్డ్ అతనూ ఒకరి మీద ఒకరం పడుతున్నాం. సాక్సోఫోన్ ఆయన సోలో మొదలుపెడితే ఆపడు. అయిపోయాక అందరం 'సూపర్' అనుకుని ఇళ్ళకు పోతాం. బేసిస్ట్ మాకంటే వెనకబడ్డాడని, వేరే మనిషిని చూద్దామని ఇద్దరు నాతో విడిగా అన్నారు. నాకేమో వేరే గ్రూపులోకి వెళ్ళిపోదామా అనిపిస్తోంది. ఈలోగా దగ్గర్లోని ఒక రెస్టారెంట్ వాళ్ళు ఒక సాయంత్రం గంటసేపు వాయించమని అడిగారు. ఒప్పుకోవాలా?
(ఒక పాఠకుడు, న్యూజెర్సీ)

సమాధానం: వెళ్ళిపోవద్దు, కనీసం ఇప్పుడే వద్దు. బేసిస్ట్‌ను మార్చాలన్న మాట కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టండి. రెస్టారెంట్ సంగతి చివర్లో చెబుతాను.

ఒక్కొక్కరూ మెరుగయ్యారు, గ్రూపు మెరుగవలేదు అని రాశారు. మీ సమస్యంతా ఆ మాటలోనే ఉంది. ఇంట్లో మీరు సాధన చేసేది ఏమిటో ఒకసారి చూసుకోండి: స్కేల్స్, ఆర్పెజియోలు, సోలోలు. ఐదుగురు వాయించే పాటలో మీ సోలో ఐదో వంతు ఉంటే ఎక్కువ. మిగతా సమయమంతా మీరు ఇంకొకరి వెనక వాయిస్తున్నారు. ఆ మిగతా సమయానికి సాధన మీలో ఎవరూ చేయడం లేదు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని చేయడానికి వీలయ్యేది కూడా కాదది. పక్కవాళ్ళు సోలో వాయిస్తున్నప్పుడు మిగిలిన నలుగురూ ఏం చేస్తున్నారన్న దాన్ని బట్టే చిన్న జాజ్ గ్రూపు ఎదుగుతుంది, లేదా ఉన్నచోటే ఆగిపోతుంది.

వచ్చే ఆదివారం ఒక ఫోన్‌ను గది మధ్యలో, ఏ ఆంప్లిఫయర్‌కూ మరీ దగ్గర కాకుండా పెట్టి రికార్డు చేయండి. తర్వాత వినేటప్పుడు మీ సోలో వచ్చినచోట దాటేయండి. సాక్సోఫోన్ సోలో నడుస్తున్నంతసేపూ మీ గిటార్ ఏం చేస్తోందో మాత్రమే వినండి. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగిన ప్రతిచోటా మీరు ఏదో ఒకటి వేసి ఆ ఖాళీని నింపేస్తున్నారా? ఆయన వాల్యూమ్ తగ్గించి మెల్లగా వాయిస్తుంటే మీరు ఇంకా అదే జోరు మీద ఉన్నారా? ఆయన మూడు స్వరాల చిన్న ముక్క పట్టుకుని దాన్నే నాలుగు రకాలుగా తిప్పాడనుకోండి. ఆ సంగతి మీకు వాయిస్తున్నప్పుడే తెలిసిందా, రికార్డింగ్ విన్నాక తెలిసిందా? చాలామందికి రికార్డింగ్‌లోనే తెలుస్తుంది. వాయించేటప్పుడు మనసంతా రాబోయే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుత్తులు) మీద, ఆ తర్వాత వచ్చే మన సోలో మీద ఉంటుంది కదా.

మీరు వయొలిన్ నేర్చుకున్నానన్నారు కాబట్టి ఇంకో మాట. మన కచేరీలో గాయకుడు రాగం ఆలపిస్తుంటే వయొలిన్ కళాకారుడు ఆ సంగతినే వెంటనే పట్టుకుని నడుస్తాడు. అది అక్కడ గొప్ప విద్య. ఆ చెవి మీకు చిన్నప్పుడే అబ్బింది, అదృష్టవంతులు. కానీ జాజ్‌లో సోలోయిస్ట్ ఒక ముక్క వాయించగానే మీరు దాన్నే తిరిగి వాయిస్తే, మొదటిసారి సరదాగా ఉంటుంది, మూడోసారికి ఆయనకు ఊపిరాడదు. తన ప్రతి మాటా వెంటనే తనకే తిరిగి వినపడుతుంటే ఎవరైనా ఎటు వెళ్ళగలరు? ఆయన చెప్పింది విన్నానని తెలియజేయడానికి వేరే దారులున్నాయి. ఆయన రిథమ్‌లో సందడి పెరిగితే మీరు కార్డ్‌ను కదపకుండా నిలబెట్టవచ్చు. ఆయన ఒకే స్వరం మీద ఆగితే దాని కింద కార్డ్‌కు రంగు మార్చవచ్చు. ఎనిమిది బార్లు (బారు అంటే ఇక్కడ నాలుగు బీట్లు) పూర్తిగా ఆపేయవచ్చు కూడా. ఆపేయడం చాలామందికి తోచదు.

మీకూ కీబోర్డ్ అతనికీ వచ్చిన ఇబ్బంది మీ ఇద్దరిదే అనుకోకండి. గిటార్, పియానో ఉన్న ప్రతి గ్రూపుకూ ఉంటుంది. ఇద్దరూ ఒకే మధ్య స్థాయిలో కార్డ్స్ వాయిస్తారు. ఒకే డామినెంట్ కార్డ్ (మూల స్వరం వైపు లాగే కార్డ్) మీద అతను ఫ్లాట్ నైన్ (అర మెట్టు తగ్గించిన తొమ్మిదో స్వరం) వేసిన క్షణంలోనే మీరు మామూలు నైన్ వేస్తే రెండూ గుద్దుకుంటాయి, పైన సోలో వాయించేవాడికి ఏది నమ్మాలో తెలియదు. కొన్నాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకోండి: ఏ సోలో వెనకైనా కాంపింగ్ (వెనక కార్డ్స్ వాయించడం) ఒక్కరే చేయాలి. సాక్సోఫోన్ వెనక మొదటి కోరస్ (పాట మొత్తం ఒక చుట్టు) కీబోర్డ్, రెండో కోరస్ మీరు. బేస్ సోలో వెనక గిటార్ ఒక్కటే, అదీ పొదుపుగా. తమ వంతు కానివాళ్ళు నిజంగా చేతులు తీసేయాలి. 1962లో బిల్ ఎవన్స్, జిమ్ హాల్ ఇద్దరే, పియానో గిటార్‌లతో, బేస్ గానీ డ్రమ్స్ గానీ లేకుండా ఒక రికార్డు చేశారు. అది అందరూ కలిసి వినండి. ఒకరికొకరు ఎంత చోటు వదులుకున్నారో గమనించండి. ఇద్దరూ కలిసి వాయించాల్సి వస్తే మీకు ఫ్రెడ్డీ గ్రీన్ దారి ఉంది. 1937లో కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాలో చేరి, 1987లో చనిపోయేదాకా అక్కడే ఉన్న గిటారిస్ట్ ఆయన. బారుకు నాలుగు బీట్లూ మెత్తగా, చాలా తక్కువ స్వరాలతో వేసేవాడు. సోలోలు దాదాపు వాయించలేదు. అంత పెద్ద బ్యాండ్‌లో ఆ గిటార్ విడిగా వినపడకపోవచ్చు, కానీ రిథమ్ సెక్షన్ అంతా దాన్ని పట్టుకుని నడిచింది.

అప్పుడప్పుడూ ఒకటి రెండు పాటలకు మీరూ కీబోర్డ్ అతనూ ఇద్దరూ కూర్చుండిపోండి. 1952లో లాస్ ఏంజెలస్‌లో జెరీ మలిగన్ (బారిటోన్ సాక్సోఫోన్), చెట్ బేకర్ (ట్రంపెట్) పియానో లేకుండానే క్వార్టెట్ (నలుగురి గ్రూపు) నడిపారు. 1957 నవంబరులో సోనీ రోలిన్స్ అనే టేనర్ సాక్సోఫోన్ కళాకారుడు న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్‌లో కేవలం బేస్, డ్రమ్స్ తోడుగా వాయించాడు. మీ సాక్సోఫోన్ ఆయన అలా ఒక పాట వాయిస్తే, కార్డ్స్ మోసే మనిషి లేనప్పుడు తాను ఎంత స్పష్టంగా వాయించాలో ఆయనకే తెలుస్తుంది. బేసిస్ట్ వాయించేది కూడా మీ అందరికీ బహుశా మొదటిసారి సరిగా వినపడుతుంది.

ఇక బేసిస్ట్ దగ్గరికి వద్దాం. 'వెనకబడ్డాడు' అన్నారు. ఏ విషయంలో? టెంపో పెరిగితే చేతులు ఆడటం లేదా? ఛేంజెస్ (కార్డ్స్ వరస) తప్పుతున్నాడా? ఇంట్లో ఒక్కడే వాయిస్తే బాగుండి, మీతో కలిసినప్పుడే తడబడుతున్నాడా? మూడోదైతే తప్పు మీ నలుగురిలో వెతకండి. కీబోర్డ్ అతని ఎడమ చెయ్యి ఎక్కడుందో చూడండి. ఒంటరిగా సాధన చేసేవాళ్ళకు ఎడమ చేత్తో రూట్ (కార్డ్ మూల) స్వరాలు వేసే అలవాటు ఉంటుంది. ఆ చెయ్యి గ్రూపులోనూ అలాగే కింది స్థాయిలోకి దిగితే బేస్‌కు చోటు పోతుంది. ఇద్దరూ ఒకే స్వరాన్ని కాస్త ముందూ వెనకగా వేస్తే బేసిస్టే బీటు తప్పినట్టు వినపడుతుంది. డ్రమ్స్ వాల్యూమ్ కూడా చూడండి. బేస్‌మెంట్ చిన్న గది. ఒక ఆదివారం బేస్ ఆంప్లిఫయర్‌ను బాగా తగ్గించి, అతని ప్రతి స్వరం మిగతా నలుగురికీ వినపడేంత మెల్లగా మొత్తం రిహార్సల్ చేయండి. డ్రమ్మర్ స్టిక్స్ వదిలి బ్రషెస్ (సన్నని తీగల కుంచెలు) తీసుకోవాల్సి వస్తుంది. చాలా గ్రూపుల్లో ఈ ఒక్క పనితోనే సగం గొడవ తీరుతుంది.

స్టీవ్ లేసీ అనే సోప్రానో సాక్సోఫోన్ కళాకారుడు 1960లో కొన్ని వారాలు పియానిస్ట్ థెలోనియస్ మంక్ దగ్గర వాయించాడు. అప్పుడు మంక్ చెప్పిన మాటల్ని కాగితం మీద రాసిపెట్టుకున్నాడు. డ్రమ్మర్‌వి కానంత మాత్రాన టైం నిలబెట్టే పని నీది కాకుండా పోదు, డ్రమ్మర్ వాయింపు బాగా వినపడేట్టు నువ్వు వాయించు, అన్నీ వాయించకుండా కొన్నిటిని పోనివ్వు అనే అర్థం వచ్చే మాటలు వాటిలో ఉన్నాయి. మీ దగ్గర టైం ఎవరు మోస్తున్నారో తెలుసుకోవడానికి తేలిక పరీక్ష ఉంది. బాగా వచ్చిన బ్లూస్ ఒకటి తీసుకోండి, 12 బార్లది. ఒక కోరస్ అందరూ వాయించి, తర్వాతి కోరస్ అంతా ఎవరూ ఏమీ వాయించకుండా లోపలే పాడుకుని, మూడో కోరస్ మొదటి బీటు మీద కలిసి రావాలి. కాలు తట్టడం కూడా వద్దు. చేత్తో తాళం వేసి పెరిగినవాళ్ళు మీరు, మీకిది తొందరగానే పట్టుబడుతుంది. మిగతావాళ్ళకు కుదిరేదాకా ఓపిక పట్టండి. ఐదుగురూ ఒక్కసారిగా దిగిన రోజున మీ గ్రూపు వేరేగా వినపడటం మొదలవుతుంది.

బేసిస్ట్ విషయంలో ఇంత పట్టుబట్టడానికి నా కారణం బిల్ ఎవన్స్ ట్రయో. బేస్ స్కాట్ లఫారో, డ్రమ్స్ పాల్ మోషన్. 1959లో కలిశారు. ఆ ఏడాది డిసెంబరు 28న మొదటి స్టూడియో రికార్డు చేశారు, 1961 ఫిబ్రవరి 2న రెండోది. 1961 జూన్ 25న, ఒక ఆదివారం, విలేజ్ వాన్‌గార్డ్‌లో మధ్యాహ్నం, రాత్రి కలిపి ఐదు సెట్లు (విడతలు) వాయించారు, అవీ రికార్డయ్యాయి. ఒకరి తర్వాత ఒకరు సోలో వాయించుకుంటూ పోవడం కాకుండా ముగ్గురూ ఒకేసారి కల్పన చేసే స్థితికి ఆ ట్రయో ఎదగాలని ఎవన్స్ మొదట్లోనే ఆశించాడు. ఈ మూడూ వరసగా వినండి. మొదటి దాంట్లో ఆ ఆశ అక్కడక్కడా తొంగిచూస్తుంది. జూన్ నాటికి బేస్ ఎక్కడ తోడుగా ఉందో, ఎక్కడ తానే పాడుతోందో గీత గీయలేం. మోషన్ బ్రషెస్‌తో ఎన్నోచోట్ల బీటును పైకి చెప్పడు. చెప్పకపోయినా అది ముగ్గురిలోనూ ఉంది. మధ్యలో గడిచింది ఏడాదిన్నరే. ఆ ఆదివారం తర్వాత 11 రోజులకే, జూలై 6న, లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. అతనికి 25 ఏళ్ళు. ఎవన్స్ కొన్ని నెలలపాటు జనం ముందు వాయించలేకపోయాడు. మంచి బేసిస్టులు న్యూయార్క్‌లో అప్పుడు మాత్రం తక్కువా? అతను పోగొట్టుకున్నది ఆ ముగ్గురి మధ్య ఏడాదిన్నరలో పెరిగిన వినికిడిని. మీరు కొత్త బేసిస్ట్‌ను తెచ్చుకుంటే ఇప్పటిదాకా కూడబెట్టుకున్నది కొంతైనా వదులుకుని మళ్ళీ మొదలుపెట్టాలి. అదేమిటో తెలుసుకోకముందే వదులుకోవద్దంటున్నాను.

అయినా ఆరు నెలలుగా ఒకేలా ఉందన్న మీ బాధ నిజమైనదే. ఇలాంటి విసుగు ఎంత గొప్ప గ్రూపుకైనా వస్తుంది. ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ క్వింటెట్ (ఐదుగురి గ్రూపు) సంగతి చెబుతాను. డ్రమ్మర్ టోనీ విలియమ్స్ 1963లో చేరేనాటికి వయసు 17. పియానో హెర్బీ హాన్‌కాక్, బేస్ రాన్ కార్టర్. 1964లో సాక్సోఫోన్‌కు వేన్ షార్టర్ వచ్చాక గ్రూపు పూర్తయింది. ఏడాది దాటేసరికి ఎవరు ఎప్పుడు ఏం చేస్తారో అందరికీ ముందే తెలిసిపోవడం మొదలైంది. అది హాయిగా ఉండేది, ఆ హాయే వాళ్ళను కలవరపెట్టింది. 1965 డిసెంబరులో షికాగోలోని ప్లగ్డ్ నికెల్ అనే క్లబ్‌లో వాయించడానికి వెళ్తూ టోనీ ఒక ఆలోచన చెప్పాడు: మన నుంచి ఇతరులు ఏది ఆశిస్తారో దానికి ఎదురు వాయిద్దాం. జోరు పెరగాల్సిన చోట తగ్గిద్దాం, మెత్తగా ఉండాల్సిన చోట తిరగబడదాం. మైల్స్‌కు చెప్పలేదు. ఆయన ఆ ఏడాదే తుంటి ఆపరేషన్ చేయించుకుని తిరిగి వేదిక ఎక్కుతున్నాడు. తీరా అక్కడికి వెళ్తే రికార్డు కంపెనీ వాళ్ళు రికార్డు చేయడానికి సిద్ధంగా ఉన్నారు. అయినా అనుకున్నది అనుకున్నట్టే చేశారు. ఈ కథ హాన్‌కాక్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఆ రికార్డింగులు ఇప్పుడు వింటే కొన్నిచోట్ల పాట ముక్కలైపోతుందేమో అనిపిస్తుంది, ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఒకరినొకరు అంతగా ఎరిగినవాళ్ళే అంత దూరం వెళ్ళగలరు.

మీరు పన్నెండు పాటలనూ అలా చేయక్కర్లేదు. అందరికీ కంఠస్థమైన ఒక్క పాట చాలు. ఆదివారానికి ఒకసారి ఆ పాటలో ఒక అలవాటును నిషేధించండి. ఒకవారం చివరి కోరస్‌లో వాల్యూమ్ పెంచకూడదు. ఇంకోవారం హెడ్ (పాట అసలు వరస) బేస్ వాయించాలి. మరోవారం డ్రమ్స్ రెండో కోరస్ నుంచే రావాలి. కొన్నిసార్లు పాట కుప్పకూలుతుంది, కూలనివ్వండి. ఎక్కడ కూలిందో, ఎవరు పైకి లేపారో రికార్డింగ్‌లో వినండి. అదే హాన్‌కాక్ ఇంకో సంగతి కూడా చెబుతాడు. ఒక యూరప్ కచేరీలో మైల్స్ సోలో మంచి పట్టులో ఉండగా తాను పూర్తిగా తప్పు కార్డ్ వేశాడట. మైల్స్ ఒక్క క్షణం ఆగి, ఆ కార్డ్ సరైనదని అనిపించే స్వరాలు వాయించాడట. మీ గ్రూపులో ఎవరైనా తప్పు వేసినప్పుడు మిగతా నలుగురి ముఖాలు ఎలా ఉంటున్నాయి? ఒక్కరైనా బేసిస్ట్ వంక చూస్తున్నారా? చూస్తుంటే మాత్రం అతను ఎప్పటికీ ధైర్యం చేయడు.

సాక్సోఫోన్ ఆయన విషయం లెక్కతో తేల్చవచ్చు. 32 బార్ల పాట, నిమిషానికి 160 బీట్ల టెంపో అయితే ఒక కోరస్ 48 సెకన్లు. నలుగురు తలా ఐదు కోరస్‌లు వాయిస్తే సోలోలకే 16 నిమిషాలు. రెండేసి కోరస్‌లైతే ఆరున్నర నిమిషాల లోపే. ఎవరు ఎన్ని కోరస్‌లు వాయించాలో పాట మొదలుపెట్టే ముందే చెప్పుకోండి. ప్రతి పాటలో ప్రతి ఒక్కరూ సోలో వాయించాలన్న నియమం తీసేయండి. ఆయన్ను విడిగా తప్పుపట్టకండి. వెనక నలుగురూ ఎప్పుడూ ఒకే ఎత్తులో వాయిస్తుంటే, సోలో ఎక్కడ శిఖరానికి చేరిందో, ఎక్కడ దిగాలో ఆయనకూ తెలియదు. ముగింపు ఎటూ దొరకనివాడు ఇంకో కోరస్ తీసుకుంటాడు.

మాట్లాడుకోవడం కూడా నేర్చుకోవాల్సిందే. 'సూపర్' అన్న మాట ఎవరికీ పనికిరాదు, 'నీ టైం బాగాలేదు' అన్నది ఇంకా చెడ్డది. పాటలోని చోటు చెప్పండి: "రెండో కోరస్ బ్రిడ్జిలో (పాట నడిమి భాగంలో) నాకు ఒకటో బీటు వినపడలేదు, మీకు వినపడిందా?" అంటే ఎవరికీ మనసు నొచ్చుకోదు, అందరూ రికార్డింగ్ తీసి వింటారు. వారానికొకరు నడిపించండి. పాటలు, టెంపో, ఎవరి తర్వాత ఎవరో ఆ మనిషే చెప్పాలి. ఆర్ట్ బ్లేకీ డ్రమ్మర్, తన గ్రూపు జాజ్ మెసెంజర్స్‌ను 1990లో పోయేదాకా నడిపాడు. గ్రూపులోని కుర్రాళ్ళు రాసిన పాటలు ఎన్నో వాయించేవాడు, వేన్ షార్టర్, లీ మోర్గన్, ఫ్రెడ్డీ హబర్డ్ అక్కడ అలా ఎదిగినవాళ్ళే. మీలోనూ ఒక్కొక్కరు ఒక పాట తేవాలి. మొదటి వంతు బేసిస్ట్‌కు ఇవ్వండి.

న్యూజెర్సీలో ఉన్నారు కాబట్టి ఒక రాత్రి ఐదుగురూ కలిసి విలేజ్ వాన్‌గార్డ్‌కు వెళ్ళండి. 1935లో మొదలైన చోటు, మెట్లు దిగి వెళ్ళే చిన్న నేలమాళిగ. ఎవన్స్ ట్రయో వాయించింది ఆ గదిలోనే. ఒక సెట్ మొత్తం సోలోయిస్ట్‌ను వదిలేసి, తలా ఒకరు ఇంకొకరి వాయిద్యాన్ని వినండి. మీరు బేస్, కీబోర్డ్ అతను డ్రమ్స్, అలా. తిరుగు ప్రయాణంలో ఏం విన్నారో చెప్పుకోండి.

మూడు నెలలు ఇలా చేయండి. అప్పటికీ రికార్డింగ్ వినడానికి ఎవరూ ఇష్టపడకపోతే, కట్టుబాట్లన్నీ మీరొక్కరే పాటిస్తుంటే, వేరే వాళ్ళతో వాయించడం మొదలుపెట్టండి. ఇక్కడ మానేయకుండా కూడా అక్కడ వాయించవచ్చు, జాజ్‌లో అది ద్రోహం కాదు. బేసిస్ట్ గురించి మీతో విడిగా మాట్లాడిన ఇద్దరికీ మాత్రం ఈ వారమే చెప్పండి: అనాల్సింది ఏదైనా ఉంటే అతను గదిలో ఉన్నప్పుడే అందామని.

రెస్టారెంట్‌కు ఒప్పుకోండి. తింటూ మాట్లాడుకునే జనం ముందు మెల్లగా వాయించక తప్పదు, మీకు ఇప్పుడు కావలసిన శిక్షణ అదే. డ్రమ్మర్ స్నేర్, రైడ్ సింబల్, బ్రషెస్‌తో వస్తే చాలు. పన్నెండు పాటలూ వాయించాలని చూడకండి. తలా రెండు కోరస్‌లతో, హెడ్‌లు కలిపి పాటకు ఎనిమిది నిమిషాలు వేసుకున్నా ఆరు పాటలకు 48 నిమిషాలు అవుతాయి. మిగిలిన 12 నిమిషాలు పాటకూ పాటకూ మధ్య ఊపిరి తీసుకోవడానికి సరిపోతాయి. ఆ ఆరు పాటల్లో రెండింటిని కీబోర్డ్ లేకుండా, ఒకదాన్ని గిటార్ లేకుండా వేసుకోండి. ఫోన్ రికార్డర్ ఆన్ చేయడం మర్చిపోకండి.